మహారాజు తోటలో టీక్యా

భూక్యా టీక్యా మాటకారి అని నాకు మైసూరులో తెలిసింది. అప్పటికి మా స్నేహానికి ముప్పై ఒక్క ఏళ్లు.

నేను డోర్నకల్ జంక్షన్‌లో బుకింగ్ క్లర్కుగా చేరిన ఏడాది అతను గ్యాంగ్‌మన్‌గా పనిచేస్తున్నాడు. నాది మొగుళ్లపల్లి, అతనిది నెల్లికుదురు దగ్గరి లంబాడీ తండా. తెల్లవారకముందే భుజాన సుత్తె, సంచిలో రెండు జెండాలు పెట్టుకుని గార్ల వైపు పట్టాల వెంట నడిచిపోయేవాడు. నేను డ్యూటీ ఎక్కే వేళకు తిరిగొస్తూ ఎదురుపడేవాడు. నేను పలకరిస్తే తల ఊపేవాడు. అంతే.

మూడేళ్ల తర్వాత సెలవు మీద తండాకు పోయి, పొలంలో బురద దున్నే ట్రాక్టర్ ఇనుప కేజీవీల్ కింద కాలు పెట్టాడు. ఎడమ పాదానికి రెండు వేళ్లు పోయాయి. నాలుగు నెలలు మంచం మీద ఉండి తిరిగొచ్చినప్పుడు బరువు పని చేయలేడని స్టేషన్ తోట చూసుకోమన్నారు. తోట అంటే పెద్ద మాట. ఒకటో ప్లాట్‌ఫారం చివర, నీళ్ల ట్యాంకు పక్కన, కంకర పరిచిన జాగా అది. రెండు గన్నేరు చెట్లు తప్ప అందులో ఏమీ లేదు.

టీక్యా ఆ కంకర ఏరేశాడు. సెలవుకు ఇంటికి పోయిన ప్రతిసారీ మానుకోట స్టేషన్లో ప్యాసింజరు ఎక్కి, రెండు బస్తాల ఒండ్రుమట్టి తెచ్చేవాడు. లగేజీ టికెట్ లేకుండా బస్తాలు తేకూడదని అతనికీ తెలుసు, నాకూ తెలుసు. ఆ బండి వచ్చే వేళకు నేను కావాలని కౌంటర్లో తలొంచుకుని చిల్లర లెక్కపెట్టుకునేవాణ్ని. రెండేళ్లకు అక్కడ మెట్టతామరలు, నందివర్ధనాలు, సీతమ్మజడ బంతులు వరుసకట్టి నిలబడ్డాయి. బండి ఆగినప్పుడు కిటికీల్లోంచి జనం తలలు అటు తిరిగేవి.

ఇంత పని చేసే మనిషి నోట్లో మాత్రం మూడే మాటలు ఉండేవి. "ఆఁ సారు", "అయింది సారు", "చూస్త సారు." అతని స్వభావమే అంత అనుకున్నాను. కొందరు అట్లా ఉంటారు కదా.

ఒక్కసారి మాత్రం నాలుగో మాట విన్నాను. వెయిటింగ్ హాల్లో ఎవరో తగిలించిన క్యాలెండర్ మీద మైసూరు ప్యాలెస్ బొమ్మ ఉండేది. ముందంతా పచ్చిక, మధ్యలో పూల మడులు. టీక్యా దాని ముందు చాలాసేపు నిలబడి, నేను అటు వస్తే ఆపి అడిగాడు.

"సారు, గీ గడ్డి గింత పచ్చగ ఎట్లుంటది? ఒట్టి నీళ్లేనా, ఏమన్న మందు కొడ్తరా?"

"పోయి చూద్దాం టీక్యా. రిటైరయినంక పాస్ తీసుకొని పోదాం" అన్నాను, ఏదో అనాలని.

"చూస్త సారు" అన్నాడు.

అతను 2019లో రిటైరయ్యాడు. క్వార్టర్ ఖాళీ చేసి భార్య తుల్సీబాయితో తండాకు వెళ్లిపోయాడు. రెండేళ్ల తర్వాత నేనూ రిటైరయ్యాను. ఒకరోజు మా ఆవిడ సరోజనతో కలిసి వాళ్ల ఇంటికి వెళ్తే, టీక్యా గట్టు మీద కూర్చుని ఊరికే చేతులు నలుపుకుంటున్నాడు. తుల్సీబాయి మాకు చాయ్ ఇస్తూ చెప్పింది:

"ఈయన చేతులు ఊకె ఉంటలేవు సారూ. పత్తిచేన్ల గడ్డి పీకి పక్కకు వరుస కడ్తుండు. బలరాం నవ్వుతుండు, బాపూ గిది చేను, టేసను గాదని."

బలరాం వాళ్ల కొడుకు. పత్తి, మిర్చి వేస్తాడు. తండ్రిని పనిచేయనివ్వడు. ప్రేమతోనే. కానీ ఆ ప్రేమతో ఏం చేసుకోవాలో టీక్యాకు తెలియదని నాకనిపించింది. ఆ పూటే అన్నాను, "మైసూరు పోదాం పా" అని.

అట్లా 2023 నవంబర్లో నలుగురం బయల్దేరాం. కాచిగూడలో సాయంత్రం బండి ఎక్కాం. తుల్సీబాయి జొన్నరొట్టెలు, ఎండుమిరప కారం మూట కట్టుకొచ్చింది. సరోజన సర్వపిండి చేసుకొచ్చింది. ఆడవాళ్లిద్దరూ మూటలు మార్చుకుని తిన్నారు. నేను పదిహేను రోజులుగా ఫోన్లో చూసి కన్నడం నేర్చుకున్నాను. ఎల్లి అంటే ఎక్కడ, ఎష్టు అంటే ఎంత, బేకు అంటే కావాలి. దారంతా వాళ్లకు అదే అప్పజెప్పాను. "నాతోటి ఉన్నంత సేపు మీకు పరేషాన్ లేదు" అన్నాను. టీక్యా తల ఊపాడు.

మర్నాడు ఆదివారం. గదిలో సామాను పెట్టి మధ్యాహ్నానికి ప్యాలెస్ చేరుకున్నాం. గేటు దాటగానే నా కళ్లూ సరోజన కళ్లూ ఆ గోపురాల మీదికి పోయాయి. టీక్యా చూపు కిందనే ఉంది. చెప్పులు విడిచి, పచ్చిక అంచున గొంతుక్కూర్చుని అరచేయి ఆనించాడు. తర్వాత ఆ చెయ్యి వాసన చూసుకున్నాడు. దూరం నుంచి గార్డు విజిల్ ఊదాడు. టీక్యా దొంగతనం చేస్తూ దొరికినట్టు చటుక్కున లేచాడు.

తుల్సీబాయికి మోకాళ్ల నొప్పులు. చెట్టు నీడన బల్ల చూసుకుని కూర్చుంది.

"మీరు చూసి రాండ్రి. నేను గీన్నే కూసుంట. రాజు లేడు, రాణి లేదు. ఉత్త కుర్చీలు చూసి ఏం చేత్త?" అంది.

సరే అని మేం ముగ్గురం లోపలికి వెళ్లాం. పెళ్లి మంటపంలో రంగుటద్దాల కప్పు మీద నెమళ్లున్నాయి. సరోజన మెడ నొప్పి పుట్టేదాకా చూసింది. నేను బోర్డులన్నీ చదివి ఇద్దరికీ తెలుగులో చెప్పాను. "మంచిగున్నది సారు" అన్నాడు టీక్యా, మర్యాదకు. దర్బారు హాల్లోకి వచ్చాక అతను స్తంభాలు వదిలేసి బయటకు చూస్తూ నిలబడ్డాడు. కింద తోటలో ఒకతను పెద్ద కత్తెరతో కంచె మొక్కలు కత్తిరిస్తున్నాడు.

"ఎడమ చేత్తోటి కత్తిరిస్తుండు సారు. గీత చూడు, దారం పట్టినట్టు."

గంటన్నర తర్వాత బయటికొస్తే బల్ల ఖాళీగా ఉంది. తుల్సీబాయి లేదు, ఆమె సంచీ లేదు.

మొదట పక్కకు ఎక్కడికో పోయి ఉంటుందనుకున్నాం. నీళ్ల నల్లాల దగ్గర చూశాం, చెప్పుల స్టాండు దగ్గర చూశాం. సరోజన ఆడవాళ్ల బాత్రూములకు వెళ్లి పిలిచి వచ్చింది. ఆమెకు ఫోన్ చేద్దామంటే, ఆ ఫోన్ టీక్యా జేబులోనే మోగింది. ఆదివారం కావడంతో ఎటు చూసినా జనమే. వందల చీరలు. టీక్యా కుంటుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెత్తాడు. "తుల్సీ! తుల్సీ!" అని అరిచాడు. నేను అతని గొంతు అంత పెద్దగా ఎప్పుడూ వినలేదు.

నేను పోలీసు బూత్ దగ్గరికి వెళ్లాను. పదిహేను రోజుల కన్నడం ఆ కంగారులో ఆవిరైపోయింది. ఒక్క ముక్క మాత్రం నాలుక మీద మిగిలింది. "నమ్మ తుల్సీబాయి ఎష్టు?" అన్నాను. మా తుల్సీబాయి ఎంత అని అడిగానన్నమాట. కానిస్టేబుల్ నన్ను పైకీ కిందికీ చూశాడు. సరోజన నన్ను పక్కకు జరిపి, చేతులతోనే ఎత్తు చూపించి, తన చీర కొంగు పట్టి రంగు వేరని చెప్పి, మోచేతి దాకా కడియాలు చూపించింది. అతనికి అర్థమైంది. మైకులో పేరు చదివించాడు. తుల్సీబాయి, డోర్నకల్ అని మూడు భాషల్లో వినిపించింది.

టీక్యా బల్ల మీద కూలబడ్డాడు. "సారు, ఆమెకు చదువు రాదు. తెలుగు గూడ మన దిక్కుదే అస్తది. గీడ ఎవల్తోటి ఏం మాట్లాడ్తది? ఎట్ల అడుగుతది?" అన్నాడు. నాతో ఉంటే పరేషాన్ లేదన్న మాట గుర్తొచ్చి సిగ్గేసింది.

పావుగంట గడిచింది. చీర మీద మగవాళ్ల చొక్కా తొడుక్కున్న ఒక తోటపని ఆమె మా వైపు వచ్చింది. మా ముగ్గురి ముఖాలూ చూసి, నన్నూ సరోజననూ వదిలేసి టీక్యా ముందు ఆగింది.

"రామ్ రామ్" అంది. ఆ తర్వాత ఇంకేదో అంది.

టీక్యా బల్ల మీంచి లేచి నిలబడ్డాడు. ఆమె నవ్వి మళ్లీ అంది. ఈసారి అతను జవాబిచ్చాడు. ఆమె మరో నాలుగు మాటలు చెప్పింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అది కన్నడం కాదని మాత్రం తెలిసింది.

టీక్యా మా వైపు తిరిగాడు. "సారు, తుల్సి ఈళ్లకాడ ఉన్నదట. రొట్టె తింటున్నదట!"

ఆమె పేరు తారి. ఆమె వెంట కంచె మొక్కల వెనకకు వెళ్లాం. పూలకుండీలు, నీళ్ల పైపులు పెట్టుకునే చిన్న రేకుల షెడ్డు ఉందక్కడ. తుల్సీబాయి బోర్లించిన బకెట్ మీద రాణిలా కూర్చుని ఉంది. చుట్టూ ముగ్గురు నలుగురు ఆడవాళ్లు. మన ఊరి జొన్నరొట్టెలు అందరి చేతుల్లోనూ ఉన్నాయి.

టీక్యా ఆమెను వాళ్ల లంబాడీ భాషలోనే గట్టిగా కోప్పడ్డాడు. ఆమె అంతకంటే గట్టిగా బదులిచ్చింది. తర్వాత మాకు తెలుగులో చెప్పింది.

"ఏం జేయాలె సారూ? కూసున్న. గీ చెట్ల ఎన్క ఎవరో 'ఓ యాడీ!' అన్నరు. యాడి అంటె మా తాన అవ్వ. ముల్లు గుచ్చుకుంటె ఎవలైన తల్లి బాసలనే మొత్తుకుంటరు గద! నా పాణం ఆగలె. లేసి వచ్చిన. చూస్తె గీ పిల్ల వేలికి గులాబి ముల్లు దిగింది."

ఆ పిల్ల అని ఆమె చూపించిన మనిషికి నలభై ఐదేళ్లుంటాయి. పేరు నీలి. తుల్సీబాయి పిన్నీసుతో ముల్లు తీసి, మాటల్లో పడి లోకం మరిచిపోయింది. మైకులో పేరు వినబడితే నీలియే తారిని పంపింది.

అంతలో కత్తెర భుజాన వేసుకుని ఒకతను వచ్చాడు. పైనుంచి చూసిన ఎడమచేతి మనిషే. నీలి భర్త, మోతీలాల్. బిజాపూర్ వైపు తండా వాళ్లది. ఇరవై ఏళ్ల కింద పనికి ఇటు వచ్చారు. అతను ముందుగా టీక్యా పేరు అడగలేదు, ఊరు అడగలేదు. ఇంటిపేరు అడిగాడు. భూక్యా అని టీక్యా చెప్పగానే అతని ముఖం వెలిగింది. తుల్సీబాయి నా చెవిలో చెప్పింది. "ఆయన రాథోడ్. మా భూక్యోళ్లు రాథోడ్లే. అన్నదమ్ములయ్యిన్రు సారూ." మోతీలాల్ వంగి టీక్యా కాళ్లకు దండం పెట్టాడు.

ఇక టీక్యా మాట్లాడటం మొదలుపెట్టాడు.

ఎరువు బస్తా మీద కూర్చుని నేను చూస్తూ ఉండిపోయాను. ఒక మాట ఇంకా పూర్తి కాకముందే మరొకటి తోసుకొచ్చేది. చేతులు ఊపాడు. ఎవరినో అనుకరించాడు. లేచి నిలబడి కుంటి కాలుతో ఏదో నడిచి చూపించాడు. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని పడీపడీ నవ్వారు. మళ్లీ గొంతు తగ్గించి ఏదో చెబితే అందరూ దగ్గరికి జరిగి విన్నారు. మధ్యమధ్య తుల్సీబాయి నాకు అందించింది. ఇప్పుడు కాలు సంగతి. ఇప్పుడు మట్టి బస్తాల సంగతి. ఇప్పుడు గడ్డి సంగతి.

గడ్డి గురించి మోతీలాల్ చాలా వివరంగా చెప్పాడట. "మందు గాదట సారూ. మాగిన పేడ జల్లెడ పట్టి, ఇసుక కలిపి పల్చగ చల్లుతరట. ఒక్కపాలి నున్నగ గీకొద్దట, జర జర కోసుకుంట రావాలట."

నేను ఆమెను అడిగాను. "తుల్సీబాయి, టీక్యా ఇంత మాట్లాడ్తడా?"

ఆమె నన్ను వింతగా చూసింది. "ఇంట్ల నోరు మూతబడదు సారూ. తండల ఎవల పెండ్లయినా ఈయన మాటల కోసమే పిలుస్తరు. టేసన్లనే మూగోడు. నౌకరిల చేరిన కొత్తల తెలుగుల ఏందో అంటె అందరు నవ్విన్రట. గప్పటి సంది మూడు మాటలు పట్టుకున్నడు."

ఆ మాట ఏమిటో నాకు తెలుసు. నేను అక్కడే ఉన్నాను. ఒక పెద్దాఫీసరు భార్య స్టేషన్‌కు వస్తే టీక్యా పరుగెత్తుకొచ్చి "సారు, అమ్మగారు వచ్చిండు" అన్నాడు. ఆఫీసంతా ఘొల్లుమంది. నెల రోజులు ఆ మాటే చెప్పుకుని నవ్వాం. అతని యాసను అందరికంటే బాగా అనుకరించింది నేనే.

అంతకు ఆరు నెలల ముందే నేను విజయవాడలో ట్రైనింగ్‌కు పోయి వచ్చాను. నేను గిట్ల అంటే నవ్వేవాళ్లు, గట్ల అంటే నవ్వేవాళ్లు. అక్కడి మిత్రులు నన్ను సినిమాలో జోకరులా నిలబెట్టి మాట్లాడించేవారు. చివరి వారం రోజులు నేను క్లాసులో నోరు విప్పలేదు. ఆ నొప్పి ఎట్లా ఉంటుందో తెలిసిన మనిషిని. తెలిసి కూడా దాన్ని మరొకడి మీద దించాను. నాకు ఆరునెలల్లో మానిపోయింది. అతను ఉద్యోగం చేసినన్నాళ్లూ మూడు మాటలతో బతికాడు.

మోతీలాల్ లేచి టీక్యా చేతికి కత్తెర ఇచ్చాడు. ఇద్దరూ కంచె దగ్గరికి వెళ్లారు. టీక్యా మొదట అంచులు నాలుగు తుంచి చూసి, ఆ తర్వాత చకచకా కత్తిరించుకుంటూ పోయాడు. గార్డు మళ్లీ వచ్చాడు. ఈసారి మోతీలాల్ అడ్డం నిలబడి కన్నడంలో ఏదో చెప్పాడు. అందులో "నమ్మ అణ్ణ" అన్నది నాకు కూడా అర్థమైంది. మా అన్న అని. గార్డు టీక్యా కత్తిరించిన మేర కాసేపు చూసి, తల ఊపి వెళ్లిపోయాడు. సాయంత్రం దాకా టీక్యా మహారాజు తోటలో పనిచేశాడు. చెమట పట్టింది. రిటైరయ్యాక అతని ముఖం అంత తేటగా నేను చూడలేదు.

పొద్దు వాలాక ప్యాలెస్ దీపాలు చూడటానికి జనం మూగుతుంటే, నేను అతని పక్కన కూర్చున్నాను.

"టీక్యా, అప్పుడు టేషన్ల నేను నవ్విన. నీ మాట పట్టుకొని నకల్ చేసిన. తప్పయింది."

అతను నా వైపు తిరిగాడు. "నవ్వినవ్ సారు. యాదికున్నది." తర్వాత చేతులకంటిన ఆకు పసరు తుడుచుకుంటూ, "మల్ల మట్టి బస్తాలకు టికెట్ అడగకపోతివి. చెల్లుకు చెల్లు" అన్నాడు. ఆ బస్తాలను నేను చూసీ చూడనట్టు వదిలేస్తున్నానని అతనికి మొదటి నుంచీ తెలుసన్నమాట.

ఏడింటికి ప్యాలెస్ అంతా ఒక్కసారిగా వెలిగింది. జనం హో అన్నారు. సరోజన నా చెయ్యి పట్టుకుంది. పక్కకు చూస్తే టీక్యా, మోతీలాల్ ప్యాలెస్ వైపు వీపులు పెట్టి కూర్చుని, ఒక పెళ్లగించిన మొక్క వేరు చూసుకుంటూ మాట్లాడుకుంటున్నారు.

మర్నాడు మేం నలుగురం బృందావనం తోట చూడాల్సింది. నీలి ఒప్పుకోలేదు. బావ, అక్క ఇంటికొచ్చి తినకుండా ఎట్లా పోతారని పట్టుబట్టింది. చివరికి మేమిద్దరమే బృందావనం వెళ్లి ఫోటోలు దిగి వచ్చాం. వాళ్లిద్దరూ మోతీలాల్ గదిలో రెండు రోజులున్నారు. తిరుగు ప్రయాణంలో టీక్యా గుంతకల్లు దాకా నాకు మోతీలాల్ కుటుంబం చరిత్ర చెప్పాడు. తెలుగులోనే. రెండుసార్లు ఆడమనిషిని వచ్చిండు అన్నాడు. ఆపకుండా చెప్పుకుపోయాడు.

ఊరికొచ్చాక అతను తండా ప్రాథమిక బడి ముందున్న బీడును అడిగి తీసుకున్నాడు. పేడ మాగబెట్టాడు, జల్లెడ పట్టాడు. బడిలో కొత్తగా చేరే పిల్లలకు ఇంట్లో తమ భాష, బడిలో తెలుగు. మొదటి నెలలు బిక్కుబిక్కుమంటూ ఉంటారు. టీక్యా ఆ పిల్లలను మొక్కల మధ్యకు పిలిచి, ఒక్కో ఆకు పేరు రెండు భాషల్లోనూ చెబుతాడు. పిల్లలు భయం పోయి మాట్లాడుతున్నారని పంతులమ్మ సౌమ్య నాతో చెప్పింది.

కిందటేడు తీజ్ పండుగకు మోతీలాల్, నీలి తండాకు వచ్చారు. డోర్నకల్‌లో బండి దిగితే నేనే ఆటో మాట్లాడి పంపించాను. బుట్టల్లో మొలిచిన గోధుమ నారు తలమీద పెట్టుకుని ఆడపిల్లలు ఆడుతుంటే, నీలి వాళ్లలో కలిసిపోయి రెండు రోజులు ఆడింది. వాళ్ల పాటలూ వీళ్ల పాటలూ ఒకటేనట, రాగమే కొంచెం తేడా అట.

వచ్చే వేసవిలో మోతీలాల్ బిడ్డ పెళ్లి. పెద్దనాయిన హోదాలో టీక్యా వారం ముందే బిజాపూర్ పోవాలి. నన్నూ సరోజననూ కూడా రమ్మన్నారు. పెళ్లికూతురి కోసం తుల్సీబాయి అద్దాల రవిక కుడుతోంది. నిన్న మేం వెళ్లేసరికి ఒక చెయ్యి అయింది, రెండోది సగం ఉంది. ఆమెకు కళ్లు ఆనడం లేదు. సరోజన పక్కన కూర్చుని సూదిలో దారం ఎక్కించి ఇస్తోంది.